కోర్టు పక్క బెంచీ: దెబ్బ తగిలాక ఏం చేయాలి మాస్టారూ?

గత నెల ఈ శీర్షికలో టెన్నిస్ సర్వీస్ గురించి రాస్తూ, చివర్లో "భుజం పోతే సర్వీసూ పోయినట్టే" అని ఊరికే ఒక మాట అనేశాను. వచ్చిన ఉత్తరాల్లో సర్వీస్ గురించి అడిగినవి మూడంటే మూడు. మిగతావన్నీ మోకాళ్లు, మోచేతులు, మణికట్లు. సరే, ఈసారికి ఇది దెబ్బల సంచిక అనుకోండి. ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ముప్పై నాలుగేళ్లుగా సికింద్రాబాద్‌లో పిల్లలకి టెన్నిస్ నేర్పుతున్నాను. అంతకుముందు కొన్నాళ్లు ఆడాను. ఆ హద్దులో ఉండే చెబుతాను.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి పదహారేళ్లు. తొమ్మిదో ఏటి నుంచి ఆడుతోంది. అండర్-16లో ఐటా (అఖిల భారత టెన్నిస్ సంఘం) టోర్నమెంట్లకి ఊళ్లు తిరుగుతున్నాం. మూడు నెలల కిందట ఫోర్‌హ్యాండ్ కొడుతుంటే కుడి మణికట్టులో, చిటికెన వేలి వైపు కలుక్కుమంది. స్కానింగ్ తీసి లిగమెంట్ దెబ్బతింది, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. ఆరు వారాలు పట్టీ వేశారు. పట్టీ తీసేసి చాలా రోజులైంది కానీ పిల్ల కోర్టుకి రానంటోంది. ర్యాకెట్ల సంచీ మంచం కిందికి తోసేసింది. మొన్న వాళ్ల నాన్నగారు "సానియాని చూడు, ఎన్ని దెబ్బలు తగిలినా ఆడింది" అన్నారు. వెళ్లి తలుపేసుకుంది. మళ్లీ ఆడుతుందంటారా?
(ఒక అమ్మ, హనుమకొండ)

జవాబు: అమ్మా, మీవారు సరైన పేరే ఎత్తారు. కాకపోతే కథలో ఒక ముక్క వదిలేశారు. మీ అమ్మాయికి పనికొచ్చేది ఆ ముక్కే.

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్ నేను స్టాండ్‌లో కూర్చుని చూశాను. ఉక్రెయిన్ అమ్మాయి బొందరెంకో మీద సానియా మీర్జా 6-4, 5-7, 6-3తో గెలిచింది. డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు మన ఊరి పిల్ల, అదీ మన ఊళ్లోనే. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఆ ఫోర్‌హ్యాండ్. మిగతావాళ్లు భుజమూ నడుమూ తిప్పి తోసే బంతిని, ఈ పిల్ల ఆఖరి క్షణంలో మణికట్టుతో విసిరి కొట్టేది. చర్నాకోల చివర చెళ్లుమన్నట్టు ఉండేది ఆ చప్పుడు. నా పక్కన ఒక పాత మార్కర్ కూర్చున్నాడు, క్లబ్బులో సభ్యులకి బంతులాడి పెట్టేవాడు. "సార్, ఈ చెయ్యి ఎన్నాళ్లు ఆగుతుందంటారు?" అన్నాడు. మంచి రోజున ఏం మాటలివి అని కసిరాను.

2007 ఆగస్టులో ఆమె ప్రపంచ ర్యాంకు 27. మరుసటి ఏడాదే ఆ మణికట్టుకి ఆపరేషన్. ఆ ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్, చెక్ దేశపు బెనెసోవాతో మొదటి రౌండ్. 1-6, 1-2 దగ్గర నొప్పి భరించలేక ఆపేసింది. ఇంతవరకు పేపర్లలో వచ్చింది. ఆ తర్వాతి సంగతి చాలా ఏళ్లకి ఆవిడే చెప్పింది. తల దువ్వుకోవడానికి కూడా ఆ చెయ్యి సహకరించలేదట. ఇక ఆడలేనేమో అనుకుందట. మూడు నాలుగు నెలలు డిప్రెషన్. కారణం లేకుండా ఏడుపు వచ్చేదట. నెలకి పైగా గదిలోంచి అన్నానికి కూడా బయటికి రాలేదట.

చూశారా అమ్మా, తలుపేసుకోవడం కూడా సానియా కథలో ఉంది. మీ అమ్మాయి ఆ కథకి దూరంగా ఏమీ పోలేదు, సరిగ్గా అక్కడే ఉంది. బీజింగ్ తర్వాత ఐదారు నెలలకే, 2009 జనవరిలో, మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. అది తన మొదటి గ్రాండ్‌స్లామ్ టైటిల్. మీవారికి గుర్తున్నది ఆ కప్పు ఫొటో. దానికి ముందున్న ఆ గది ఫొటో ఎవరూ తీయలేదు.

ఇక చేయాల్సిన పని. మొదటిది, ఇంట్లో పదిహేను రోజులు టెన్నిస్ మాట ఎత్తకండి. "ఎప్పుడు మొదలెడతావ్" అన్న ప్రశ్న అసలే వద్దు. రెండోది, డాక్టరు పట్టీ తీసేశారు అంటే ఆడమన్నారని కాదు. ఆరు వారాలు కదలని చెయ్యి సన్నబడిపోయి ఉంటుంది. ఫిజియో దగ్గరికి వెళ్లి ముందు బలం తెచ్చుకోవాలి. నా పిల్లలకి నేను పెట్టే మోటు పరీక్ష ఒకటుంది. బకెట్లో తడిపిన తువ్వాలు రెండు చేతులతో గట్టిగా పిండమంటాను. మొహం చూస్తాను. పెదవి బిగిస్తే ర్యాకెట్ ముట్టుకోనివ్వను, వాళ్లు "నొప్పి లేదు మాస్టారూ" అని ఎంత చెప్పినా సరే. ఇది ఫిజియో సరేనన్న తర్వాత పెట్టే పరీక్ష, ఆయనకి బదులు కాదు.

మూడోది కొంచెం విచిత్రంగా ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఇదే దెబ్బతో నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. తనూ ఇలాగే మాట మానేసింది. వాళ్లమ్మతో చెప్పి సాయంత్రాలు ఊరికే పంపమన్నాను, ఆడటానికి కాదు, గట్టింగ్ మిషన్ (ర్యాకెట్‌కి తీగలు బిగించేది) దగ్గర కూర్చోవడానికి. వేరే పిల్లల ర్యాకెట్లకి నేను గట్లు బిగిస్తుంటే తను క్లిప్పులు అందించేది. నాలుగో రోజున తనంతట తనే లేచి ఒక పాత ర్యాకెట్ ఎడం చేత్తో పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. మొదటి బంతి గోడ పైనుంచి వెళ్లి పక్కింటి సంపులో పడింది. రెండోది తన కాలికే తగిలింది. మూడోసారికి నవ్వు వచ్చేసింది. మూడు నెలల్లో అదే మొదటి నవ్వని వాళ్లమ్మ చెప్పారు. ఎడం చేత్తో ఆడేటప్పుడు ఎవరూ ర్యాంకు అడగరు కదా. పైగా ఆ ఐదారు వారాల గోడ ఆట తర్వాత తన రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ ముందుకంటే బాగుపడింది. అందులో పైచెయ్యి ఎడమదే మరి.

కుడి చేతికి మొదట స్పాంజి బంతులు, సర్వీస్ గీత లోపల, పది నిమిషాలు. మర్నాడు పొద్దున నొప్పి లేకపోతేనే పదకొండో నిమిషం. గట్టింగ్ ఏం వాడుతున్నారో చూడండి. ఈ మధ్య పిల్లలంతా పెద్ద ఆటగాళ్లని చూసి పాలియెస్టర్ తీగ బిగుతుగా వేయించుకుంటున్నారు. అది చేతిని అదరగొడుతుంది. కొన్నాళ్లు మెత్తటి రకం, బిగుతు నాలుగైదు పౌండ్లు తక్కువ. గ్రిప్ కూడా మరీ తిప్పి పట్టుకుంటోందేమో మీ కోచ్‌ని చూడమనండి.

మళ్లీ ఆడుతుందా అంటే రాసివ్వలేను తల్లీ. మంచం కిందికి తోసింది, అటక మీద పెట్టలేదు. నాకైతే అది మంచి గుర్తులాగే ఉంది.

ప్రశ్న: ఆరు నెలలో ఏడాదో ఆడకపోతే ర్యాంకు పోతుంది కదా. మరి దెబ్బ తగిలి తిరిగొచ్చినవాళ్లు నేరుగా పెద్ద టోర్నమెంట్లలో ఎలా కనబడతారు?
(ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: ర్యాంకు అంటే గడిచిన 52 వారాల పాయింట్ల లెక్క. ఏ వారం గెలిచిన పాయింట్లు మరుసటి ఏడాది ఆ వారానికి రాలిపోతాయి. కాబట్టి ఇంట్లో కూర్చున్నవాడి ర్యాంకు ప్రతి సోమవారం కాస్త కాస్త కరిగిపోతుంది. దీనికి విరుగుడుగా ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్ అని ఒకటి పెట్టారు. మగవాళ్లలో కనీసం ఆరు నెలలు ఆటకి దూరమైనవాళ్లు అడగొచ్చు. దెబ్బ తగిలిన మొదటి మూడు నెలల ర్యాంకుల సగటు తీసి, కొన్ని టోర్నమెంట్లలో ఎంట్రీకి అది వాడుకోనిస్తారు. ఎంట్రీకే, సీడింగ్‌కి (పెద్ద ర్యాంకువాళ్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా పెట్టే వరసకి) కాదు. అంటే తలుపు తీస్తారు, కుర్చీ వేయరు. మొదటి రౌండ్‌లోనే ఒకటో నంబరు ఎదురైతే ఆడుకోవాల్సిందే. ఆడవాళ్లలో దీన్ని స్పెషల్ ర్యాంకింగ్ అంటారు. కాన్పు తర్వాత తిరిగొచ్చే తల్లులకీ అది ఉంది.

రెండో దారి వైల్డ్ కార్డ్. ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు దయతలిచి ఇచ్చే ఎంట్రీ. 2001లో గోరాన్ ఇవానిసెవిచ్ 125వ ర్యాంకులో, పాడైపోయిన భుజంతో, పాత పేరు మీద వింబుల్డన్‌లో వైల్డ్ కార్డ్ తీసుకున్నాడు. అంతకుముందు అక్కడే మూడు ఫైనల్స్ ఓడినవాడు. ఆసారి ఫైనల్లో రాఫ్టర్ మీద ఐదో సెట్ 9-7తో గెలిచాడు. ఇచ్చినవాళ్లు కూడా అంత అనుకుని ఉండరు.

మూడో దారి నాకు అన్నిటికంటే ఇష్టం. కిందికి దిగి మళ్లీ ఎక్కడం. 1995లో ఒకటో నంబరైన ఆంద్రే అగస్సీ 1997 నవంబరుకి 141కి పడిపోయాడు. మణికట్టు దెబ్బ కొంత, మనసు లేకపోవడం కొంత. అప్పటికి మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి, కుర్రాళ్లు ఆడే చాలెంజర్ టోర్నమెంట్లకి వెళ్లి పేరిచ్చాడు. లాస్ వేగాస్‌లో, అంటే సొంత ఊళ్లోనే, ఫైనల్లో ఓడాడు. బర్బ్యాంక్‌లో గెలిచాడు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్, మెద్వెదెవ్ మీద మొదటి రెండు సెట్లు 1-6, 2-6. తర్వాతి మూడూ గెలిచి, అప్పటిదాకా తనకి దక్కని ఒక్క గ్రాండ్‌స్లామ్‌నీ తీసుకున్నాడు. మన పిల్లల్లో అండర్-18 నుంచి మెన్స్‌కి వెళ్లి మొదటి రౌండ్లలో ఓడగానే "ఆ చిన్న టోర్నమెంట్‌కి నేను వెళ్లను" అనేవాళ్లుంటారు. వాళ్లకి ఈ బర్బ్యాంక్ కథ చెబుతాను. ఆ ఊరెక్కడుందని అడుగుతారు. అదీ నా ఉద్దేశమే.

ప్రశ్న: మీరు సానియాని తెగ మెచ్చుకుంటారు. సింగిల్స్ వదిలేసి డబుల్స్‌కి పోవడమంటే ఓటమి ఒప్పుకోవడమే కదా? దాన్ని కమ్‌బ్యాక్ అంటారా?
(ఒక పాత అభిమాని, రాజమహేంద్రవరం)

జవాబు: మీ మాటలో కోపం కంటే బాధ ఎక్కువ కనబడుతోంది. నిజం చెప్పాలంటే 2013లో ఇక డబుల్సే అన్నప్పుడు నేనూ తిట్టుకున్నాను. అంతకు ఎనిమిదేళ్ల ముందు దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్‌నెత్సోవాని ఓడించిన పిల్ల, మరో పదేళ్లు ఉంటుందని ఆశ. నా ఆశకి ఆవిడ మోకాళ్లు ఏం చేస్తాయి?

లెక్క వేద్దాం. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, దాన్ని ఒక్క మనిషి కాయాలి. డబుల్స్‌లో 36 అడుగులు, ఇద్దరు. మనిషికి 18. పక్కకి పరిగెత్తి, గట్టి నేల మీద బ్రేకు వేసినట్టు ఆగి, మళ్లీ వెనక్కి తిరగడం, ఇదే మోకాలిని తినేసేది. అప్పటికి ఆవిడకి మణికట్టు, మోకాళ్లు కలిపి మూడు ఆపరేషన్లు అయ్యాయి. అలా అని తన చేతిలో ఉన్న ఆస్తి ఎక్కడికీ పోలేదు. ఆ ఫోర్‌హ్యాండ్ ఉంది, రిటర్న్ ఉంది. సింగిల్స్‌లో సర్వీస్ బలహీనత, కదలికలో వెనకబాటు ప్రతి మ్యాచ్‌లో బయటపడేవి. డబుల్స్‌లో ఆ సగం పక్కన నిలబడ్డ మనిషి చూసుకుంటుంది. ఇది ఓటమి అయితే, కాలు పోయిన గుర్రాన్ని దిగి నడవడం కూడా ఓటమే.

పక్కన నిలబడ్డ మనిషి ఎవరో కూడా చూడండి. మార్టినా హింగిస్. చీలమండ నొప్పులతో 22 ఏళ్లకే ఆట మానేసి, 2006లో తిరిగొచ్చి, 2007లో మళ్లీ వెళ్లిపోయి, 2013లో డబుల్స్‌తో మూడోసారి వచ్చిన మనిషి. 2006లో కొరియాలో సానియా ఆమెని సింగిల్స్‌లో ఓడించింది కూడా. ఇద్దరూ దెబ్బతిన్నవాళ్లే. 2015 మార్చిలో జట్టు కట్టి వరసగా ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్ గెలిచారు. ఏప్రిల్‌కి సానియా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్.

ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్ రోజు మన టైముకి అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను టీవీ సౌండ్ తగ్గించి కూర్చున్నాను. ఎదురుగా రష్యన్ జోడీ మకరోవా, వెస్నీనా. మొదటి సెట్ 5-7 పోయింది. రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో 2-5. ఇక లేచి పడుకుందామని రిమోట్ చేతిలోకి తీసుకున్నాను కూడా. 3-5. 4-5. 5-5. అప్పుడు చీకటి పడిందని ఆట ఆపారు! సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేసేదాకా ఆగాలి. ఊపు మీద ఉన్నవాళ్లకి ఆ విరామం ఎంత టెన్షనో ఆడినవాళ్లకే తెలుసు. ఒళ్లు చల్లబడిపోతుంది, బుర్ర ఎక్కడెక్కడికో పోతుంది. నేను వంటింట్లోకి వెళ్లి పాలు వేడి పెట్టుకున్నాను, పొంగించేశాను. తిరిగి వచ్చాక రెండే గేములు. 7-5. మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన మొదటి భారతీయురాలు. పొద్దున్నే స్టవ్ మీద పాల మరక చూసి మా ఆవిడ అడిగితే వింబుల్డన్ అని చెప్పాను.

ఆ ఏడాదే యూఎస్ ఓపెన్, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. మధ్యలో ఒక దశలో వరసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. కెరీర్ మొత్తం చూస్తే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఒకటి, డబుల్స్ 43. ఓటమి ఒప్పుకున్న మనిషి లెక్క ఇలా ఉంటుందా?

అక్కడితో ఆగలేదు. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 26 కిలోల దాకా బరువు తగ్గించుకుని 2020 జనవరిలో హోబార్ట్‌కి వెళ్లి, నాదియా కిచెనోక్‌తో కలిసి తొలి టోర్నమెంటే గెలిచింది. పేపర్లు అక్కడ చుక్క పెట్టేశాయి. నేను పెట్టను. వారం తిరక్కుండానే ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్‌లో పిక్క కండరం పట్టేసి మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. కొన్నాళ్లకి కరోనా వచ్చి ఆటలే ఆగిపోయాయి. అయినా 2023 దాకా ఆడింది. ఆ ఏడాది జనవరిలో రోహన్ బోపన్నతో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడి ఓడింది.

బోపన్న పేరు వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. కొడగు మనిషి. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయి, నొప్పి మాత్రలు మింగుతూ ఆడాడు. తర్వాత అయ్యంగార్ యోగాలో పడ్డాడు. 2024లో 43 ఏళ్ల వయసులో ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచి, డబుల్స్ నంబర్ వన్ అయ్యాడు. ఆ వయసులో అంతకుముందు ఎవరూ అవ్వలేదు. ఆయన్ని కూడా సింగిల్స్ వదిలేశాడని తిడతారా?

మీరు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఆవిడ సింగిల్స్ మానేసిన తర్వాతి పదేళ్లలో మన దేశం నుంచి ఇంకో అమ్మాయి సింగిల్స్ టాప్ 100లోకి రాలేదు. ఆ బాధ నాకూ ఉంది. కానీ అది ఆవిడ తీర్చాల్సిన బాకీ కాదు, నాలాంటి కోచ్‌లది.

ప్రశ్న: వయసు 52. తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఆండీ మర్రే ఆడాడు కదా, నేనూ మళ్లీ క్లబ్బులో ఆడొచ్చా?
(బ్యాంకు ఉద్యోగి, గుంటూరు)

జవాబు: మర్రే 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో విలేకరుల ముందు ఏడ్చాడు. సాక్సు, బూట్లు వేసుకోవడానికి కూడా నొప్పి అన్నాడు. ఆ నెలాఖరులో తుంటి కీలు మీద లోహపు తొడుగు వేయించుకున్నాడు. జూన్‌లో క్వీన్స్ క్లబ్ డబుల్స్, అక్టోబరులో ఆంట్వెర్ప్ సింగిల్స్ ఫైనల్లో వావ్రింకా మీద 3-6, 6-4, 6-4తో టైటిల్. 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా ఆడాడు. మీకు చేసింది అదే రకమో, మొత్తం కీలు మార్చారో మీరు రాయలేదు. రెండూ ఒకటి కావు. ఆ కాగితాలు పట్టుకుని మీ సర్జన్ దగ్గరికే వెళ్లండి. ఆయన సరేనంటే డబుల్స్, మట్టి కోర్టు, పరిగెత్తి బంతి అందుకోగలిగే పార్ట్‌నర్. మీరు ఆంట్వెర్ప్ గెలవాల్సిన పని లేదు, ఆదివారం పూట గంట ఆడి ఇడ్లీకి వెళ్లగలిగితే చాలు.

ప్రశ్న: మీ దృష్టిలో టెన్నిస్‌లో అన్నిటికంటే గొప్ప కమ్‌బ్యాక్ ఏది?
(రిటైర్డ్ టీచర్, అనంతపురం)

జవాబు: అందరూ మోనికా సెలెస్ అంటారని మీకు తెలుసు. 1993 ఏప్రిల్ 30న హాంబర్గ్‌లో, ఆట మధ్య విరామంలో కుర్చీలో కూర్చుని ఉండగా ఒకడు వెనకనుంచి కత్తితో పొడిచాడు. రెండేళ్లకి పైగా కోర్టు మొహం చూడలేదు. 1995 ఆగస్టులో కెనడాలో తిరిగొచ్చి మొదటి టోర్నమెంటే గెలిచింది, 1996లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా. పొడిచినవాడు తీర్పు తర్వాత జైలుకి వెళ్లలేదు, సస్పెండెడ్ శిక్షతో (అమలు చేయకుండా ఆపి ఉంచే శిక్ష) బయటపడ్డాడు. దాన్ని కమ్‌బ్యాక్ అనడానికి నాకు మనసొప్పదు మాస్టారూ. దాడికి ముందే ఇరవై ఏళ్లు నిండకుండా ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన పిల్ల, ఆ తర్వాత గెలిచింది ఒక్కటే. ఆమె తిరిగొచ్చింది, దొంగిలించిన ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు.

నా ఓటు థామస్ ముస్టర్‌కి. ఆస్ట్రియా మనిషి. అతని ఆట నాకు నచ్చేది కాదు. ప్రతి బంతికీ గట్టిగా మూలుగుతూ, బేస్‌లైన్ వెనకనుంచి అవతలివాడి ఓపిక పోయేదాకా కొడుతూనే ఉండేవాడు. 1989లో మయామీ దగ్గర కీ బిస్కేన్‌లో, సెమీఫైనల్లో యానిక్ నోవా మీద రెండు సెట్లు వెనకబడి గెలిచాడు. ఫైనల్లో లెండిల్‌తో ఆడాలి. ఆ రాత్రే కారు డిక్కీలోంచి సామాను తీస్తుంటే, తాగి నడుపుతున్నవాడొకడు వచ్చి గుద్దాడు. ఎడమ మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. వయసు 21.

కొన్ని వారాలకి ఒక పత్రికలో ఫొటో వచ్చింది. కోర్టు మీద ప్రత్యేకంగా చేయించిన ఒక చెక్క కుర్చీ లాంటిది. అందులో ముస్టర్, కట్టు కట్టిన కాలు ముందుకి చాపి, చేతిలో ర్యాకెట్, బంతి కొడుతున్నాడు. నిలబడలేడు, నడవలేడు, ఫోర్‌హ్యాండ్ మాత్రం ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఆ ఫొటో కత్తిరించి నా గది గోడకి అన్నం మెతుకులతో అంటించుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండా టోర్నమెంట్ ఆడాడు. 1990లో రోమ్ గెలిచాడు. 1995లో ఫ్రెంచ్ ఓపెన్, 1996 ఫిబ్రవరిలో నంబర్ వన్. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది 1997. ఏ ఊళ్లో ఫైనల్ ఆడకుండా ఆసుపత్రికి వెళ్లాడో అదే కీ బిస్కేన్‌కి వచ్చి టైటిల్ తీసుకుపోయాడు. ఎనిమిదేళ్లు ఆలస్యంగా.

ప్రశ్న: మాస్టారు గారూ, నాకు 12 ఏళ్లు. మీకు కూడా దెబ్బ తగిలిందా? మీరెందుకు పెద్ద ఆటగాడు కాలేదు? ఇంకో ప్రశ్న, నా ర్యాకెట్‌కి ఎన్ని పౌండ్లు గట్టింగ్ వేయించాలి?
(ఆరో తరగతి, నిజామాబాద్)

జవాబు: బాబూ, నీలాగా సూటిగా పెద్దవాళ్లెవరూ అడగరు. తగిలింది. ముస్టర్‌కి తగిలిన ఏడాదే, కుడి భుజానికి. నాకు 23 ఏళ్లు. ఆరు వారాలు చెయ్యి ఎత్తొద్దని డాక్టరు గారు చెప్పారు. పదో రోజున ఒక ఆఫీసులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ ఉన్నాయి. ఇంట్లో ఆ ఉద్యోగం చాలా అవసరం. వెళ్లాను. రెండు సెట్లు బాగానే ఆడాను. మూడో సెట్‌లో సర్వీస్ చేస్తుంటే భుజంలో ఏదో గుడ్డ చిరిగినట్టు తెలిసింది. ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత తీగ మీద బట్టలు ఆరేయడానికి కూడా ఏడాది పట్టింది. ముస్టర్ ఫొటో గోడ మీదే ఉంది. కుర్చీలో కూర్చోవడం అతనికి తెలిసింది, నాకు తెలియలేదు. పెద్ద ఆటగాణ్ని అయ్యేవాణ్నా అంటే, భుజం బాగున్న రోజుల్లో కూడా నేను రాష్ట్రం స్థాయి ఆటగాణ్నే. అది కూడా దెబ్బ మీద తోసేయకూడదు కదా.

ఇప్పటికీ బుట్టలోంచి బంతులు చెయ్యి పైకెత్తకుండా కింది నుంచే అందిస్తాను. సర్వీస్ చూపించాల్సి వస్తే మా మార్కర్ని పిలుస్తాను.

నీ ర్యాకెట్ ఫ్రేమ్ మీద లోపలి వైపు రెండు అంకెలు రాసి ఉంటాయి, ఇంత నుంచి ఇంత పౌండ్లు అని. అందులో చిన్న అంకెకి దగ్గరగా వేయించు. పాలియెస్టర్ వద్దు. షాపువాడు "చాంపియన్లంతా ఇదే వాడతారు" అంటాడు, వినకు.